కాలిబాటల మీది మంచును ఎవరు తీయాలి, ఎలా తీయాలి?

బాటసారి
సభ్యులందరికీ నమస్కారం. నేను ఉండే నగరంలో చలికాలం పొడవునా మంచు కురుస్తుంది. రోడ్ల మీది మంచును నగరపాలక సంస్థ తీయిస్తుంది. కాలిబాట మీది మంచును మాత్రం దానిని ఆనుకుని ఉన్న ఇంటి యజమానో దుకాణదారో తీసుకోవాలని నిబంధన ఉంది. ఈ పద్ధతిని మార్చి కాలిబాటలను కూడా నగరమే శుభ్రం చేయాలా అన్న విషయం మీద ఇప్పుడు పౌరుల అభిప్రాయాలు అడుగుతున్నారు. మా వీధివారి తరఫున లేఖ రాసే పని నాకు అప్పగించారు. ఆవేశంతో కాకుండా, పని తెలిసినవారి మాటల ఆధారంగా రాయాలని నా కోరిక. ఏ నగరం ఏ పద్ధతి పాటిస్తోంది, మంచు తీసే పని నిజంగా ఎలా జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది అన్న విషయాలు తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

నియమావళి
బాటసారి గారూ, ముందుగా నిబంధనల సంగతి చెబుతాను. మీ నగరంలో ఉన్న పద్ధతే అమెరికాలోని చాలా నగరాల్లో ఉంది. న్యూయార్క్‌లో మంచు ఆగిన వేళను బట్టి యజమానికి గడువు మారుతుంది: ఉదయం 7 గంటలకూ సాయంత్రం 5 గంటలకూ మధ్య ఆగితే 4 గంటల్లో, సాయంత్రం 5 నుంచి రాత్రి 9 లోపు ఆగితే 14 గంటల్లో, రాత్రి 9 తరువాత ఆగితే మరునాడు పగలు 11 లోపల బాట తీయాలి. బోస్టన్‌లో మంచు ఆగిన 3 గంటల్లో, రాత్రిపూట ఆగితే సూర్యోదయమైన 3 గంటల్లో, కనీసం 42 అంగుళాల వెడల్పున తీయాలి. షికాగోలో ఆ వెడల్పు 5 అడుగులు. మినియాపొలిస్‌లో ఇళ్లకు 24 గంటలు ఇస్తారు, దుకాణాలకూ అపార్ట్‌మెంట్లకూ పగటి వేళ 4 గంటలే ఇస్తారు. కెనడాలోని కాల్గరీలోనూ గడువు 24 గంటలే.

బెర్లిన్‌లో కూడా భారం యజమానిదే. అక్కడి నిబంధన ఇంకొంచెం కచ్చితంగా ఉంటుంది. రాత్రి 8 తరువాత కురిసిన మంచును మరునాడు ఉదయం 7 లోపల, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ 9 లోపల తీయాలి. తీసిన తరువాత నేల జారకుండా ఇసుకో చిన్న కంకరో చల్లాలి. సాధారణ పరిస్థితుల్లో కాలిబాట మీద ఉప్పు వాడకూడదు.

రెండో పద్ధతి మాంట్రియాల్, ఒట్టావా నగరాలది. అక్కడ కాలిబాటలను నగరమే తీయిస్తుంది. టొరంటో కూడా ఇంతకుముందు కొన్ని ప్రాంతాలను వదిలేసి, 2021లో తీసుకున్న నిర్ణయంతో నగరమంతటికీ ఈ పని విస్తరించింది.

ఇంగ్లండ్ పరిస్థితి వేరు. 1980 నాటి రహదారుల చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం, మంచు వల్ల రాకపోకలకు ప్రమాదం కలగకుండా వీలైనంత మేరకు చూసే బాధ్యత రహదారుల అధికార సంస్థది. ఇంటి యజమానికి తన ముందున్న కాలిబాటను తీసి తీరాలన్న బాధ్యత లేదు.

ఒక విషయం మీ లేఖలో తప్పక ఉండాలి. మంచు తీసే బాధ్యత, ఎవరైనా జారి పడితే నష్టపరిహారం ఇచ్చే బాధ్యత ఒకటి కావు. ఇవి రెండు వేర్వేరు చట్టాల కిందికి రావచ్చు. న్యూయార్క్ 2003లో ఈ రెండోదాన్ని కూడా చాలావరకు యజమానుల మీదికి మార్చింది. యజమాని తానే నివసించే ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇళ్లను మాత్రం మినహాయించింది. మీ నగరం మంచు తీసే పనిని తన చేతుల్లోకి తీసుకుంటే పరిహార బాధ్యత ఎవరిదవుతుందని ముందే అడగండి. లేకపోతే తీయని నగరం తప్పించుకుంటుంది, తీసే అవకాశం లేని యజమాని కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

నాలుగు చక్రాలు
నియమావళి గారు చెప్పిన నిబంధనలన్నీ ఇంటి ముందు భాగం గురించే మాట్లాడుతున్నాయి. నేను చక్రాల కుర్చీలో తిరిగే మనిషిని. నాకు ఇంటి ముందు భాగం దాదాపు ఎప్పుడూ సమస్య కాదు. సమస్య మూల మలుపులో వస్తుంది.

మంచు ఆగిన మరునాడు పొద్దున ఏ కూడలికైనా వెళ్లి చూడండి. కాలిబాటను ఇంటివాళ్లు శుభ్రంగా తీసి ఉంటారు, రోడ్డును బండి శుభ్రంగా తోసి ఉంటుంది. ఈ రెండూ కలిసే చోట, అంటే కాలిబాట నుంచి రోడ్డు మీదికి దిగే వాలు దగ్గర, రోడ్డు బండి పక్కకు నెట్టిన మంచు మోకాలి ఎత్తున కట్టలా పడి ఉంటుంది. అది అప్పుడే కురిసిన మంచులా మెత్తగా ఉండదు. టైర్ల కింద నలిగి, బురదతో, ఉప్పు నీటితో కలిసి, రాత్రికి రాయిలా గట్టిపడుతుంది. నడవగలిగినవారు దాని మీదుగా అడుగు వేసి దాటుకుంటారు. చక్రాల కుర్చీవారూ, పిల్లల బండి తోసేవారూ, చేతికర్రతో నడిచే పెద్దవారూ అక్కడే ఆగిపోతారు. చూపులేనివారికి ఇంకో కష్టం ఉంది. రోడ్డు మొదలయ్యే చోటును పాదానికి తెలియజేయడానికి పరిచిన బొడిపెల పలక ఆ మంచు కిందే ఉండిపోతుంది.

ఇక్కడ తప్పు ఎవరిది? ఇంటివారు తమ పని చేశారు, రోడ్డు బండి తన పని చేసింది. ఆ నాలుగడుగుల నేల మాత్రం ఎవరి పనిలోకీ రాలేదు. మా ప్రాంతంలో ఫిర్యాదు చేస్తే రోడ్ల విభాగం యజమానిని అడగమంటుంది, యజమాని రోడ్ల విభాగాన్ని అడగమంటాడు. ఈలోగా ఎండ వచ్చి మంచు దానంతట అది కరుగుతుంది. బాటసారి గారూ, మీ లేఖ మొదటి పేరా దీని గురించే ఉండాలని నా మనవి.

తెల్లవారుజాము
నేను కాలిబాటల మీద మంచు తోసే చిన్న ట్రాక్టరు నడుపుతాను. పై సభ్యులు చెప్పింది అక్షరాలా నిజం. అది ఎందుకు జరుగుతుందో పని వైపు నుంచి చెబుతాను.

రోడ్డు బండి ముందు మంచును తోసే ఇనుప పలక ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మంచును ఎప్పుడూ కుడి పక్కకు, అంటే కాలిబాట వైపుకే నెడుతుంది. కూడలి దగ్గర బండి మలుపు తిరిగినప్పుడు పలక మీద పేరుకున్నదంతా ఆ మూల మీదే జారిపోతుంది. మేము కాలిబాట తీసిన తరువాత రోడ్డు బండి రెండోసారి వస్తే మా పని వృథా అవుతుంది. అందుకే వరుస ముఖ్యం. ముందు రోడ్డు, తరువాత కాలిబాట, చివరికి చేతిపారలతో మూలలు. ఈ మూడూ ఒకే విభాగం కింద, ఒకే మేస్త్రీ చూపులో ఉంటేనే ఈ వరుస నిలుస్తుంది. రోడ్డును ఒక గుత్తేదారుకు, కాలిబాటను దాని వెంబడి ఉన్న వందలాది యజమానులకు విడివిడిగా అప్పగిస్తే ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

మా బండ్ల సంగతి కూడా చెప్పాలి. కొద్దిగా పడిన పొడి మంచుకు ముందు భాగంలో తిరిగే పెద్ద చీపురు బిగిస్తాం. అది నేల కనబడేదాకా ఊడుస్తుంది, అన్నింటికన్నా శుభ్రమైన పని దానిదే. మంచు లోతైతే ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉండే పలక వాడతాం, అది మంచును రెండు పక్కలకూ చీలుస్తుంది. పక్కన పోసే చోటు లేనప్పుడు మంచును పీల్చి దూరంగా విసిరే యంత్రం తప్పదు. కాలిబాట పలకల్లో ఒకటి చెట్టు వేళ్లకు పైకి లేచి ఉంటే మా ఇనుప పలక దాని అంచుకు కొట్టుకుంటుంది. పలకకు దెబ్బ తగిలినప్పుడు వెనక్కి వంగే స్ప్రింగులు ఉంటాయి గానీ, ఆ కుదుపుకు నడిపేవాడి నడుము విరిగినంత పనవుతుంది. పైగా అక్కడ పలక కొంచెం పైకెత్తి నడపాల్సి వస్తుంది. ఆ వదిలిన పలుచని పొరే తరువాత తొక్కుడుకు గట్టిపడి జారుతుంది. వేసవిలో కాలిబాట మరమ్మతు చేయని నగరం చలికాలంలో దానిని సరిగా తీయలేదు.

వీధి దీపం
తెల్లవారుజాము గారికి నమస్కారం. ఒక చిన్న ప్రశ్న. మంచు కురుస్తున్నప్పుడే తీయడం మొదలుపెట్టాలా, ఆగాక తీస్తే చాలా? యజమానుల నిబంధనలన్నీ ఆగిన తరువాతి గడువు గురించే చెబుతున్నాయి.

తెల్లవారుజాము
కురుస్తున్నప్పుడే మొదలుపెట్టాలి. మనుషులు తొక్కకముందు తీసిన మంచుకూ తొక్కిన తరువాత తీసిన మంచుకూ చాలా తేడా ఉంది. అప్పుడే పడిన మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే ఉంటుంది. అదే మంచు అడుగుల కింద నలిగితే నాలుగైదు రెట్లు చిక్కబడి నేలను అతుక్కుంటుంది. ఇక గడ్డకట్టిన మంచు ఘనపు మీటరు 917 కిలోలు. అతుక్కోకముందు ఊడిస్తే పోయేదాన్ని అతుక్కున్నాక గీకాలి, గీకినా పోకపోతే ఉప్పు పోయాలి. మాంట్రియాల్‌లో నేల మీద 2.5 సెంటీమీటర్లు పేరుకోగానే బండ్లు కదులుతాయి, ఆగేదాకా చూడరు. ఆసుపత్రులు, పాఠశాలలు, మెట్రో స్టేషన్ల దగ్గరి కాలిబాటలకు ముందు వరుస ఇస్తారు. మంచు బాగా పేరుకున్న తరువాత రెండో దశ మొదలవుతుంది. పక్కలకు నెట్టిన మంచును యంత్రాలతో లారీల్లోకి విసిరి, నగరంలో మంచు పోసే చోట్లకు తీసుకెళతారు. కొంత మురుగు కాల్వల్లోకి దించుతారు, కొంత ఫ్రాంకన్ అనే పాత రాతి క్వారీలో పోస్తారు. రోడ్లూ కాలిబాటలూ కలిపి ఆ నగరం చూసుకోవలసిన పొడవు దాదాపు 10,000 కిలోమీటర్లు.

లవణం
రసాయన శాస్త్రం చదివినవాడిగా ఉప్పు గురించి కొంత చెబుతాను. దీని గురించి అపోహలు చాలా ఉన్నాయి. ఉప్పు తనకుతానుగా వేడి పుట్టించి మంచును కరిగించదు. అది నీటిలో కలిసి, ఆ ద్రావణం గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. మామూలు ఉప్పు నీటిలో 23 శాతం దాకా కలిస్తే మైనస్ 21 డిగ్రీల వరకూ గడ్డకట్టదు. ఈ అంకె చూసి మైనస్ 20లో కూడా ఉప్పు చల్లేవారు ఉన్నారు. వాస్తవంలో అక్కడ ఉప్పు చేసే పని చాలా తక్కువ. ఒక కిలో ఉప్పు మైనస్ 1 డిగ్రీ దగ్గర సుమారు 46 కిలోల గడ్డను కరిగించగలదు. మైనస్ 7 దగ్గర అదే కిలో 9 కిలోలను కూడా కరిగించలేదు. మైనస్ 9, మైనస్ 10 దాటితే మామూలు ఉప్పును నమ్ముకోవడం దండగ. అంతకన్నా చలిలో కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు పనిచేస్తాయి గానీ వాటి ధర ఎక్కువ, కాంక్రీటుకూ ఇనుముకూ చేసే హానీ తక్కువ కాదు.

ఇంకో మాట. ఉప్పును మంచు పడిన తరువాత రాళ్లుగా చల్లడం కన్నా, పడకముందు ఉప్పునీటిగా పలుచగా చల్లడం మేలు. నేలకూ మంచుకూ మధ్య ఆ తడి పొర ఉంటే మంచు అతుక్కోదు, చీపురుకే లేచిపోతుంది. అయితే ముందు వాన పడి తరువాత మంచుగా మారే రోజున ఇది పనికిరాదు, వాన దానిని కడిగేస్తుంది.

చెరువు గట్టు
లవణం గారు చెప్పినదంతా సరైనదే. అయితే ఆ ఉప్పు కరిగిన తరువాత ఎక్కడికి పోతుందో కూడా మాట్లాడాలి. ఉప్పులోని క్లోరైడు కుళ్లదు, ఆవిరి కాదు, నేలలో దేనితోనూ కలిసి మాయం కాదు. కాల్వలోకి, అక్కడి నుంచి చెరువులోకి, భూగర్భ జలంలోకి చేరి అక్కడే ఉంటుంది. వేల చెరువులున్న మిన్నెసోటా రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ సంస్థ ప్రజలకు చెప్పే లెక్క ఇది: ఒక చెంచాడు ఉప్పు 5 గాలన్ల నీటిని శాశ్వతంగా పాడు చేస్తుంది. మంచినీటి జీవులకు దీర్ఘకాలంలో హాని కలగకుండా ఉండాలంటే క్లోరైడు లీటరుకు 230 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అమెరికా ప్రమాణం. ఆ రాష్ట్రంలోనే చాలా నీటి వనరులు ఆ గీత దాటేశాయి.

వాడకంలో కొలత తెలియకపోవడమే పెద్ద సమస్య. ఒక కాఫీ మగ్గుడు, అంటే 12 ఔన్సుల ఉప్పు సుమారు 10 కాలిబాట పలకలకు సరిపోతుందని ఆ సంస్థ చెబుతుంది. కానీ దుకాణాల ముందు చూడండి, కాలి కింద కరకరలాడేంత పోస్తారు. మంచు పోయాక కూడా ఉప్పు తెల్లగా మిగిలి ఉందంటే అక్కరకు మించి చల్లారని అర్థం. దానిని ఊడ్చి ఎత్తి మళ్లీ వాడుకోవచ్చు, కానీ ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

అందుకే యజమానులందరినీ విడివిడిగా వదిలేయడం నీటికి కూడా మంచిది కాదని నేననుకుంటాను. జరిమానా భయం, దావా భయం ఉన్న యజమాని బస్తాలకు బస్తాలు గుమ్మరిస్తాడు. నగరం చేస్తే కనీసం కొలిచి చల్లే యంత్రమైనా ఉంటుంది.

మూడో అంతస్తు
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్పాలి. యజమానుల పద్ధతిలో ఒక బలం ఉంది. వేలమంది ఒకేసారి పారలు పడితే నగరమంతటా ఒకే గంటలో పని మొదలవుతుంది. నగరానికి ఎన్ని ట్రాక్టర్లు ఉన్నా అవి ఒకదాని తరువాత ఒక వీధికి వెళతాయి. చివరి వీధికి చేరేసరికి మరునాటి సాయంత్రం కావచ్చు. ఈలోగా అక్కడివారు మంచు తొక్కుతూనే ఉంటారు. నగరమే తీస్తుందని తెలిశాక ఇంటివారు పార పట్టడం మానేస్తారు. ఖర్చు సంగతి వేరే చెప్పనక్కరలేదు. సంవత్సరంలో కొద్ది రోజుల కోసం బండ్లు, డ్రైవర్లు, గిడ్డంగులు పోషించాలి.

నియమావళి
మూడో అంతస్తు గారి వాదనను తీసిపారేయకూడదు. దానికి నేను చూసిన మంచి సమాధానం న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరానిది. అక్కడ చట్టపరంగా బాధ్యత యజమానిదే. మంచు 4 అంగుళాలకు చేరితే మాత్రం అదనపు సహాయంగా నగరమే కాలిబాటల మీద బండ్లు నడుపుతుంది. దాని ఖర్చును ఆస్తి ముందు భాగం పొడవును బట్టి యజమానుల దగ్గర రుసుముగా వసూలు చేస్తుంది. చిన్న మంచుకు ఇంటివారు, పెద్ద మంచుకు నగరం. ఇద్దరి బలమూ వాడుకున్నట్లవుతుంది.

ఖర్చు గురించి ఒక మాట చెప్పాలి. యజమానుల పద్ధతిలో ఖర్చు లేదనడం సరికాదు. అది నగరపు లెక్కల్లో కనబడదు, అంతే. ఇంటివారు కొనే ఉప్పు, పెద్దవారు కూలికి పెట్టుకునే మనుషులు, జారి పడి చేయి విరిగినవారి ఆసుపత్రి ఖర్చు, అన్నీ ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు.

పాదచారి
ఆ ఆసుపత్రి ఖర్చు గురించే స్వీడన్ అనుభవం చెప్పాలి. సుమారు 2011 ప్రాంతంలో కార్ల్‌స్కూగా అనే చిన్న పట్టణం తన మంచు తీసే వరుసను తిరిగి పరిశీలించింది. అంతకుముందు పెద్ద రోడ్లు, కార్యాలయాలకు వెళ్లే దారులు ముందు, కాలిబాటలు, బడుల దగ్గరి దారులు చివర ఉండేవి. కార్లలో వెళ్లేవారిలో పురుషులు ఎక్కువ, కాలినడకన, బస్సుల్లో వెళ్లేవారిలో స్త్రీలు ఎక్కువ. మంచు మీద గాయపడేవారిలో ఎక్కువమంది కార్లలోవారు కారు, నడిచేవారే. అందుకని వరుసను తిరగేసి, నడక దారులను, శిశు సంరక్షణ కేంద్రాల దగ్గరి దారులను ముందుకు తెచ్చారు. కొన్ని అంగుళాల మంచులో కారు వెళ్లగలదు, కానీ అదే మంచులో పిల్లల బండిని తోయడం చాలా కష్టమన్నది వారి తర్కం.

స్టాక్‌హోమ్ కూడా ఆ దారి పట్టింది. అయితే 2016 నవంబరులో ఆ నెలకు శతాబ్దంలో ఎన్నడూ లేనంత మంచు పడి నగరం స్తంభించినప్పుడు, ఈ విధానాన్నే తప్పుపట్టినవారు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఆ రోజు దెబ్బతిన్నది విధానం కాదు, సన్నద్ధత. ఏ వరుసలో తీసినా అంత మంచుకు బండ్లు చాలకపోతే ఏదో ఒకటి ఆగిపోతుంది. స్టాక్‌హోమ్ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. అక్కడి ముఖ్యమైన సైకిల్ దారుల మీద పలకతో తోయకుండా, ముందు చీపురుతో ఊడుస్తూ వెనక ఉప్పునీరు చల్లే బండ్లు వాడతారు. పైన తెల్లవారుజాము గారు, లవణం గారు విడివిడిగా చెప్పిన రెండు పద్ధతులూ అక్కడ ఒకే బండిలో ఉన్నాయి.

వీధి దీపం
ఉప్పు లేకుండా నడిచే నగరాలు లేవా?

పాదచారి
ఉన్నాయి. ఫిన్లండ్‌లో హెల్సింకి కాలిబాటల మీద ఎక్కువగా చల్లేది రాతి పొడి, చిన్న కంకర. అది మంచును కరిగించదు, పట్టు మాత్రం ఇస్తుంది, ఎంత చలిలోనైనా పనిచేస్తుంది. దాని లోపాలు దానికి ఉన్నాయి. కొత్త మంచు పడితే కంకర కిందికి పోతుంది, మళ్లీ చల్లాలి. చలికాలమంతా చల్లినది వసంతంలో ఊడ్చేదాకా నగరం దుమ్ముతో నిండిపోతుంది. అదే దేశంలోని ఔలు నగరంలో సైకిల్ దారుల మీది మంచును పూర్తిగా తీయరు. సమంగా తోసి, గట్టిగా అణిచి, గరుకుగా గీసి వదిలేస్తారు. నెలల తరబడి స్థిరంగా చలి ఉండే చోట అది మంచి నేలగా పనిచేస్తుంది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే చోట అదే పద్ధతి ప్రాణాల మీదికి తెస్తుంది.

జపాన్‌లోని సప్పోరోలో ఏటా దాదాపు 5 మీటర్ల మంచు పడుతుంది. 1990 తరువాత, మంచు మీద పట్టు కోసం మేకులు బిగించిన టైర్లను నిషేధించడంతో, అవి రోడ్డును గీకడం వల్ల లేచే దుమ్ము తగ్గింది గానీ, మేకులు లేని టైర్లు కూడళ్లలో మంచును అద్దంలా నున్నగా చేయడం మొదలైంది, నడిచేవారు జారి పడటం పెరిగింది. అప్పటి నుంచి అక్కడి కూడళ్లలో ఇసుక పెట్టెలు కనబడతాయి. అందులో చిన్న కంకర సంచులు ఉంటాయి. దాటేవారే ఒకటి తీసి తమ ముందు చల్లుకుంటారు. నాలుగు చక్రాలు గారు చెప్పిన మూల సమస్యకు ఇది పూర్తి పరిష్కారం కాదు. అయినా సాయం అవసరమైన చోటే సాయం ఉంచడం నాకు నచ్చింది.

వేడి నీళ్లు
మంచు తీయడమే అవసరం లేకుండా నేలను వేడి చేసే పద్ధతి గురించి ఎవరూ రాయలేదు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో భూగర్భంలోని వేడి నీటితో ఇళ్లు వెచ్చబడతాయి. ఇళ్ల నుంచి బయటికి వచ్చే నీరు అప్పటికీ 35 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ నీటిని కాలిబాటల కింది గొట్టాల్లోకి పంపుతారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే పట్టణం 1988లో విద్యుత్ కేంద్రం నుంచి వృథాగా పోయే వేడిని ఇలాగే మలుచుకుని, తన వ్యాపార వీధులను మంచు లేకుండా ఉంచుతోంది.

లవణం
వేడి నీళ్లు గారూ, అందులోని కీలకం 'వృథాగా పోయే వేడి' అన్న మాటలోనే ఉంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. 10 సెంటీమీటర్ల కొత్త మంచు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. దానిని కరిగించడానికే దాదాపు ఒక యూనిట్ విద్యుత్తుకు సమానమైన వేడి కావాలి. నేలను వేడెక్కించడానికి, గాలికి పోయేదానికి ఇంకా వేరే కావాలి. 2 మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు బాటకు కరిగించడానికి మాత్రమే ఒక్కసారికి 1,850 యూనిట్లు పైన అవుతుంది. ఊరికే దొరికే వేడి ఉన్న చోట ఇది గొప్ప ఏర్పాటు, లేని చోట కొనలేని భోగం. అయితే ఆసుపత్రి ద్వారం, నిటారు మెట్లు, బాగా వాలుగా ఉన్న రెండు మూడు కూడళ్ల వరకూ పరిమితం చేస్తే ఏ నగరానికైనా ఆలోచించదగినదే.

బాటసారి
ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. చదివిన తరువాత నాకు అర్థమైనది ఇది. యజమానా నగరమా అన్న ప్రశ్న కన్నా, ఒకరి భాగం ముగిసి ఇంకొకరి భాగం మొదలయ్యే చోట ఏమవుతుందన్న ప్రశ్న పెద్దది. మా ప్రాంతంలో మూలలతో పాటు రైలు పట్టాల మీది వంతెన, ఖాళీ స్థలాల ముందు భాగం, బస్సు ఆగే చోట్లు కూడా ఇలాగే ఎవరివీ కాకుండా ఉన్నాయి. ఒక ప్రశ్న మిగిలింది. మొత్తం కాలిబాటలు తీసే స్తోమత లేదని నగరం అంటే, మొదటి ఏడాదికి ఏమి అడగమంటారు?

తెల్లవారుజాము
మీరు చెప్పిన ఆ జాబితానే అడగండి. మూలలు, బస్సు ఆగే చోట్లు, వంతెనలు, యజమాని ఎవరో తెలియని ఖాళీ స్థలాలు. వీటికి కొత్త ట్రాక్టర్లు పెద్దగా అక్కరలేదు, చేతిపారలతో మనుషులు కావాలి. న్యూయార్క్‌లో పెద్ద మంచు పడినప్పుడు బస్సు స్టాపులు, దాటే చోట్లు, అగ్నిమాపక కుళాయిలు తీయడానికి పారిశుధ్య విభాగం గంట కూలికి మనుషులను పెట్టుకుంటుంది. బస్సు ఆగే చోట ముందు తలుపు దగ్గరే కాక వెనక తలుపు దగ్గర కూడా తీయించాలని రాయండి. ఆ రెండింటి మధ్య మంచు కట్ట వదిలేస్తే దిగినవారు రోడ్డు మీదే నడవాలి.

తీసిన మంచును ఎక్కడ వేయాలన్నది కూడా రాయండి. మూల మీది మంచును వాలుకు దిగువ పక్కన కుప్ప వేయాలి. ఎగువ పక్కన వేస్తే పగలు కరిగిన నీరు వాలు మీదుగా పారి, రాత్రికి అక్కడే పలుచగా గడ్డకడుతుంది. పొద్దున చూస్తే తడిలాగే ఉంటుంది, అడుగు వేస్తేనే తెలుస్తుంది. పక్కనే ఉన్న వాన నీటి కాల్వ జాలీని మంచు కింద నుంచి తవ్వి తెరవాలి. జాలీ మూసుకుపోతే మీరు వాలును ఎంత శుభ్రంగా తీసినా రాత్రికి అది చెరువై గడ్డకడుతుంది.

మూడో అంతస్తు
దీనికి నేను కూడా ఒప్పుకుంటాను. ఇంటి ముందు భాగం ఇంటివారికే వదిలి, ఎవరిదీ కాని నేలను నగరం తీసుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. అయితే పార పట్టలేని పెద్దవారికి, వికలాంగులకు మినహాయింపు ఉండాలి. కాల్గరీ, పిట్స్‌బర్గ్ వంటి నగరాల్లో అలాంటి ఇళ్ల ముందు మంచు తీసే స్వచ్ఛంద సేవకులను కూడగట్టే కార్యక్రమాలు నడుస్తున్నాయి. మంచు పడ్డాక మనుషులను వెతకకుండా, చలికాలం మొదలవకముందే ఏ ఇంటికి ఎవరు అన్నది నిర్ణయించుకోవాలి.

నాలుగు చక్రాలు
తెల్లవారుజాము గారు చెప్పిన జాలీ సంగతి ఇంత స్పష్టంగా ఎవరూ రాయగా నేను చూడలేదు, ధన్యవాదాలు. బాటసారి గారూ, ఇంకొక్క వాక్యం చేర్చండి. ప్రతి కూడలికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ నాలుగు మూలలూ ఎప్పుడు తీశారో నగరం బహిరంగంగా చూపాలి. రోడ్డు బండ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపే పటాలు న్యూయార్క్, టొరంటో, మాంట్రియాల్ నగరాల్లో ఇప్పటికే ఉన్నాయి. రోడ్డుకు చేయగలిగినది మూలకూ చేయవచ్చు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరకముందే ఏ మూల దాటగలనో తెలిస్తే, నేను దారి మార్చుకుని ఇంకో బస్సు అందుకుంటాను. తెలియక వెళ్లి, ఆ గట్టు ముందు ఆగి, చలిలో వెనక్కి తిరగవలసిన అవసరం ఉండదు.

బాటసారి
చేరుస్తున్నాను. కూడళ్ల సంఖ్యలతో పాటు ప్రతి మూలలో వాలు ఎటు దిగుతుందో, జాలీ ఎటు ఉందో గుర్తించిన పటం కూడా జతచేస్తాను. మంచు పడకముందే మా వీధివారిమే తిరిగి ఆ వివరాలు రాసుకుంటాం. లేఖ ముసాయిదా సిద్ధమయ్యాక ఇక్కడే పెడతాను. నియమావళి గారు పరిహార బాధ్యత గురించిన పేరాను, చెరువు గట్టు గారు ఉప్పు కొలత గురించిన పేరాను సరిచూడవలసిందిగా ప్రార్థన.